అదే బండి, వేరే బండి

నన్ను ఎవరైనా "ఏం పని చేస్తావు?" అని అడిగితే ఒళ్ళు మండుతుంది. అడిగినవాళ్ళ తప్పేమీ లేదు, చెప్పాక వాళ్ళ ముఖాలు చూడలేక. కంప్యూటర్లో బండ్లు చూస్తానంటే సరే అంటారు. చూసి ఏం చేస్తావంటారు. ఇది ఇందాకటి బండేనా, వేరే బండా అని చెప్తానంటాను. అక్కడ నవ్వు మొదలవుతుంది. సూరత్‌లో, మేముండే లింబాయత్‌లో, మా పక్కింటావిడ అయితే మొహమాటం లేకుండా అనేసింది: "గిదేం కొలువు బిడ్డా? గది జెప్పనీకి డిగ్రీ చదవాల్నా?"

ఆమెను తీసుకెళ్ళి నా కుర్చీలో ఒక్క గంట కూర్చోబెట్టాలని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

మా ఆఫీసు ఉధ్నాలో, రైల్వే స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో, ఒకప్పుడు దారం గోదాముగా ఉన్న మూడో అంతస్తులో ఉంటుంది. ఊళ్ళో ఒక పెద్ద బట్టల మార్కెట్టు వాళ్ళు తమ గేట్ల దగ్గర, ర్యాంపుల మీద, లోపలి రోడ్ల మీద కెమెరాలు పెట్టించారు. పొద్దున్నుంచి బట్టల మూటలు వేసుకుని టెంపోలు వస్తూనే ఉంటాయి, పోతూనే ఉంటాయి. ఎవరైనా రాంగ్ సైడులో ర్యాంపు ఎక్కితే దారంతా ఇరుక్కుపోయి మార్కెట్టు మొత్తం ఆగిపోతుంది. అలాంటి బండ్లను కనిపెట్టి, వాటి గేటు పాసు ఆపేయాలని వాళ్ళ ఏర్పాటు. కనిపెట్టేది యంత్రం. యంత్రానికి చేతకానిది చెప్పేది మేము. దానికి చేతకానిదే ఎక్కువ.

యంత్రం తెలివి ఏమిటంటే, కదిలే ప్రతిదాని చుట్టూ ఒక పెట్టె గీసి దానికో నంబరు ఇస్తుంది. టెంపో కదిలితే నంబరు. ఆటో కదిలితే నంబరు. రెండో అంతస్తులో కొట్టు ముందు వేలాడదీసిన చీర గాలికి ఊగినా నంబరే. ఒక ఆకుపచ్చ చీరను వారం రోజుల పాటు అది స్కూటరనే అనుకుంది. వానాకాలంలో కెమెరా అద్దం మీద జారే నీటిబొట్టు దానికి కారులా కనిపించింది. ఇవన్నీ కొట్టేసుకుంటూ పోవాలి. అదైనా నవ్వుకోవచ్చు. అసలు తంటా స్తంభాలతో. టెంపో స్తంభం వెనక్కి వెళ్ళి నాలుగు సెకన్లకు ఇవతలికి వస్తే, యంత్రం దాన్ని అప్పుడే పుట్టినదానిలా చూసి కొత్త నంబరు ఇస్తుంది. ఇక మార్కెట్టు రోడ్డు మీద స్తంభాలకు తోడు ఆటోలు, తోపుడు బండ్లు, నెత్తిన మూటలతో నడిచే మనుషులు. ఒక టెంపో గేటు నుంచి ర్యాంపు దాకా చేరేలోపు నాలుగైదు సార్లు పుడుతుంది.

అందుకని నా స్క్రీను మీద రెండు క్లిప్పులు పక్కపక్కనే వస్తాయి. ఎడమవైపు మాయమైన బండి. కుడివైపు తేలిన బండి. కింద మీటలు: "అదే బండి", "వేరే బండి".

నంబరు ప్లేటు చూసి చెప్పొచ్చు కదా అంటారు. చెప్పలేం. వెనక మూటలు వేలాడుతూ సగం ప్లేట్లను మూసేస్తాయి. కనిపించే ప్లేట్లను మాకు చూపించేముందు మసక చేస్తారు, మనుషుల ముఖాలను కూడా. ఎవరి వివరాలు వాళ్ళవే, మేం చూడకూడదు. సరే, మంచి మాటే. కానీ ఆ తర్వాత మిగిలేదేమిటి? తెల్లటి టెంపో మీద తెల్లటి మూటలు, పైన నీలం టార్పాలిను. దాని పక్కన ఇంకో తెల్లటి టెంపో, తెల్లటి మూటలు, నీలం టార్పాలిను. చెప్పు తల్లీ, అదేనా, వేరా?

పని నేర్పేటప్పుడు మాకొక లావుపాటి నియమాల పుస్తకం ఇచ్చారు. రాసినవాళ్ళెవరో గానీ సూరత్‌లో ఒక్క పూట రోడ్డు మీద నిలబడి ఉండరు. "వాహనాలు తమ వరుసలో ప్రయాణిస్తున్నప్పుడు" అని మొదలవుతుంది ఒక పేజీ. ఏ వరుస? "ద్విచక్ర వాహనంపై ఇద్దరికి మించి ఉంటే పొరపాటుగా గుర్తించినట్లు భావించండి" అంటుంది ఇంకో పేజీ. మోపెడ్ మీద ముందు రెండు మూటలు, వెనక మూడు మూటలు, ఆ మూటల మీద ఒక మనిషి కూర్చుని ఫోను మాట్లాడుతూ పోతుంటే దాన్ని ఏ రకంలో వేయాలో ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. మూడో మీట గురించి మాత్రం ఒక పేజీ మొత్తం ఉంది. ఆ మీట పేరు "తెలిసిన బండి". చూస్తున్నది మీ ఇంటివాళ్ళదో, మీకు తెలిసినవాళ్ళదో అయితే అది నొక్కి, ఎలా తెలుసో ఒక ముక్క రాసి, క్లిప్పు ఇంకొకరికి వదిలేయాలి. మేమంతా పగలబడి నవ్వాం. ముఖం లేదు, నంబరు లేదు, ఎవరిని గుర్తుపడతాం? రెండేళ్ళలో ఆ మీట మీద నా వేలు పడలేదు.

అయినా నాకు మంచి పేరే ఉండేది. గోడ మీద బోర్డులో ప్రతి నెలా తక్కువ తప్పులవాళ్ళ పేర్లు రాస్తారు. నాది ఎప్పుడూ పైనుంచి రెండోదో మూడోదో. అందరూ బండిని చూస్తారు. నేను మూటలు కట్టిన తాడును చూసేదాన్ని. ఈ కిటుకు నాకు మా ఇంట్లోంచి వచ్చింది.

మావాళ్ళు మగ్గాల వాళ్ళు. మా తాత కాలంలోనే ఉత్తర తెలంగాణ నుంచి ఇక్కడికి వచ్చారు. మా నాన్నను మేం బాపు అంటాం. బాపు ఇరవై ఏళ్ళు మగ్గం నడిపి, ఇప్పుడు ఊరి బయట జోల్వాలో ఒక మగ్గాల షెడ్డులో బట్ట చెకింగ్ చేస్తాడు. ఏటవాలు అద్దం బల్ల, కింద ట్యూబులైట్లు, దాని మీదుగా బట్ట జారుతూ పోతుంటే తెగిన పోగు, నూనె మరక, వదులు నేత పట్టుకోవాలి. నాకు ఉద్యోగం వచ్చిన రోజు, "నేను బట్ట సూస్త, నువ్వు బండ్లు సూస్తవ్. ఇద్దరికీ కండ్లతోనే బతుకు" అన్నాడు. ఇక మగ్గం మీద నుంచి బట్ట దిగేటప్పుడు అంచు పక్కన సన్నటి పోగుల పట్టీ ఒకటి తెగి విడిగా పడుతుంది. బట్ట తెల్లదే అయినా, ఏ రకమో తెలియడానికి అంచు పోగులకు రంగు పెడతారు. ఆ పట్టీని పారేయరు. పేనితే గట్టి తాడు అవుతుంది. షెడ్డుకు వచ్చే టెంపోవాళ్ళు మూటలు కట్టుకోవడానికి దాన్నే తీసుకుపోతారు. కాబట్టి టెంపోలన్నీ తెల్లగా ఉన్నా తాళ్ళు ఒక్కో రంగులో ఉంటాయి. మా ఆఫీసులో ఈ సంగతి ఇంకెవరికీ తెలియదు. నేనూ చెప్పలేదు. కొంచెం గర్వం ఉండేది, ఒప్పుకుంటాను.

ఆ రోజు వచ్చిన క్లిప్పు నాకు బాగా గుర్తు. ఎడమవైపు గేటు. వెనక నుంచి కనిపించే తెల్ల టెంపో, మూటలు, టార్పాలిను, దాని మీద గులాబీ రంగు తాడు. అది స్తంభం వెనక్కి వెళ్ళింది. మధ్యలో నిండా ఆటోలు. కుడివైపు ర్యాంపు. రాంగ్ సైడులో ఎక్కుతున్న తెల్ల టెంపో. కింద సగం ఒక ఆటో అడ్డం. పైన మూటలు, టార్పాలిను, గులాబీ రంగు తాడు. పక్క సీటు అమ్మాయి తొంగిచూసి, "ఇది ఎవరికి తెలుస్తుంది?" అని నిట్టూర్చింది. "నాకు తెలుసు" అన్నాను. "అదే బండి" నొక్కాను. ఆ తర్వాత దాన్ని మరిచిపోయాను కూడా.

నాలుగో రోజు సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మా కాక గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. కాక అంటే బాపు తమ్ముడు. మా వెనక గల్లీలో ఉంటాడు. ఆయన కూడా మగ్గం నడిపినవాడే. మగ్గాల మోతకు ఒక చెవి పోయి, రెండోది కూడా పోతుందని డాక్టరు భయపెడితే మానేసి టెంపో పట్టాడు. టెంపో సేఠ్‌ది, డ్రైవింగు కాకది. పన్నెండేళ్ళుగా అదే బండి, అదే దారి, జోల్వా నుంచి మార్కెట్టుకు. ఆ వేళకు ఆయన ఇంట్లో ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

"పాసు బంద్ జేసిన్రు బిడ్డా" అన్నాడు. "గేటు లోపటికి రానిస్తలేరు. పాసు లేనోనికి బండి ఎందుకని సేఠ్ చాబీ గుంజుకున్నడు. ఇంకోన్ని వెడతడట."

"ఏం చేసినవ్ కాకా?"

"ఏం జెయ్యలే! నేను గా ర్యాంపు మొకమే సూడలే. రాంగ్ సైడు ఎక్కిన అంటున్రు. ఫోటువలు సుత ఇచ్చిన్రు, జర సూడు."

కాగితం చేతికిచ్చాడు. హిందీలో నాలుగు లైన్లు, కింద రెండు ఫోటోలు. ఎడమవైపు గేటు. కుడివైపు ర్యాంపు. గులాబీ రంగు తాడు. మాకు చూపించేటప్పుడు మసక చేసిన నంబరు ప్లేటు ఇక్కడ ఎడమ ఫోటోలో శుభ్రంగా కనిపిస్తోంది. అది మా కాక నంబరు.

కాక తిడుతూనే ఉన్నాడు. "గా కంప్యూటర్ కాడ ఎవడో కూసుంటడట. వాడు సూసి అవునన్నడట. గేటు కాడ సెక్యూరిటీ ఆయన జెప్పిండు. వానికి కండ్లున్నయా, గుంటలున్నయా? కూసొని జీతం తినుడేనా? నువ్వు గీ పనే జేస్తవు గదా, నువ్వన్న అడుగు బిడ్డా, వాడెవడో."

ఆ "వాడు" నేనేనని అప్పుడే చెప్పాల్సింది. లోపలికి వెళ్ళి చాయ్ పెట్టాను.

బాపు షిఫ్టు నుంచి వచ్చాక కాగితం ఆయన చేతికి వెళ్ళింది. కళ్ళద్దాలు పెట్టుకుని, ట్యూబులైటు కిందికి వెళ్ళి, దాన్ని ఏటవాలుగా పట్టుకున్నాడు, బట్టను పట్టుకున్నట్టే. ముందు ఎడమ ఫోటో మీద అరచెయ్యి పెట్టి తాడు తప్ప మిగతాదంతా మూసేశాడు. తర్వాత కుడి ఫోటోకూ అలాగే.

"అన్నీ ఒక్కపారి సూస్తే ఏదీ కనవడది" అన్నాడు నా వైపు తిరిగి. "గిది ఎవరు సూసిన్రో గానీ తాడు రంగు సూసిన్రు. తాడు ఎట్ల కట్టిన్రో సూడలే."

నేను వంగి చూశాను. ఎడమ ఫోటోలో తాడు మూలనుంచి మూలకు పోయి, ఇంకో తాడు కింద నుంచి దూరి మళ్ళీ పైకి వచ్చింది, అడ్డంగా నిలువుగా అల్లినట్టు. కుడి ఫోటోలో మూడు అడ్డ గీతలు, అంతే. ఎవరో హడావుడిగా చుట్టేసి లాగి కట్టారు.

"అడ్డం నిలువు లేకుంట ఏదన్న నిలవడతదా?" అన్నాడు కాక, అది ఎవరికైనా తెలిసే విషయమే అన్నట్టు. "నేను ఎప్పుడు సుత గట్లనే కడత. ఒక్క మూట సుత జారలే ఇన్నేండ్లల్ల."

"మరి నడుమల బండి ఆపి, తాడు ఇప్పి, మల్ల కట్టిండా?" బాపు అడిగింది నన్నే. "ఈ నెల మా షెడ్డు మొత్తం గులాబీ అంచే నడుస్తున్నది. ఆడికి వచ్చే బండ్లన్నీ గదే తాడు కట్టుకపోతయి. బయటోనికి ఎర్క లేకపోవచ్చు. మనకు ఎర్క లేదా?"

అది చూసింది నేనేనని బాపుకు అప్పటికే అర్థమైందని ఇప్పటికీ నా అనుమానం. కాక ముందు మాత్రం ఇంకేమీ అనలేదు. ఇరవై రోజులుగా బాపు అంగీకి గులాబీ పోగులు అంటుకుని వస్తున్నాయి. ఆ అంగీలను నేనే ఉతుకుతున్నాను. నామీద నాకు వచ్చినంత కోపం ఆ యంత్రం మీద కూడా ఎప్పుడూ రాలేదు.

మర్నాడు ఆఫీసులో టీమ్ లీడర్ దగ్గరికి వెళ్ళి, ఫలానా రోజు నేను జత చేసిన క్లిప్పు తప్పు, తిరగదోడాలి అన్నాను. ఆయన గుజరాతీ, మనిషి మంచివాడే, కానీ నియమాల పుస్తకాన్ని పొద్దున్నే పూజ చేసి వస్తాడేమో అనిపిస్తుంది. గుజరాతీలో చెల్లెమ్మా అన్నట్టు బెన్ అంటూ, హిందీలో నెమ్మదిగా చెప్పాడు. "చూడు బెన్, అది మూసేసిన క్లిప్పు. ఫిర్యాదు వస్తే మార్కెట్టు నుంచి రావాలి."

"మార్కెట్టు ఎందుకు పంపుతుంది? డ్రైవరును లోపలికే రానివ్వడం లేదు."

"అయితే డ్రైవరు ఫారం నింపాలి."

"ఫారం ఎక్కడ ఇస్తారు?"

"గేటు లోపల, ఆఫీసులో."

తను ఏమన్నాడో ఆయనకు కొంచెం ఆలస్యంగా అందింది. గొంతు సవరించుకుని, ఇంకో దారి ఉందన్నాడు. నొక్కినవాళ్ళే తప్పు ఒప్పుకుంటూ రాసిస్తే క్లిప్పు మళ్ళీ తెరుస్తారు. అప్పుడది పెద్ద తప్పు కింద లెక్క. జత చేసే పని నుంచి తీసేసి, చెత్త క్లిప్పుల డబ్బాలో వేస్తారు. "ఆలోచించుకో. నీ పేరు బోర్డు మీద ఉంది."

ఆలోచించడానికి ఏముంది? కాగితం అడిగాను. అది కాగితం కాదు, స్క్రీను మీద ఫారం. "తప్పుకు కారణం" అన్నచోట ఐదు కారణాలు ముందే రాసిపెట్టి ఉన్నాయి: చీకటి, వాన, అడ్డంకి, అస్పష్టత, ఇతరం. తాడు రంగు చూసి మోసపోయాను అన్నది అందులో లేదు. "ఇతరం" నొక్కితే యాభై అక్షరాలకు మించి రాయనివ్వలేదు. మూడుసార్లు కుదించాను. చివరికి "తాడు రంగు ఒకటే, కట్టు వేరు" అని హిందీలో రాస్తే సరిపోయింది.

క్లిప్పు తెరిచాక, అదే నిమిషంలో మిగతా కెమెరాలు తీసినవన్నీ వెతకనిచ్చారు. టీమ్ లీడరూ నేనూ కూర్చుని వెతికాం. పడమటి వైపు మూటలు దించే చోట, ఒక స్తంభం వెనక నుంచి ఒక తెల్ల టెంపో ఇవతలికి వచ్చింది. యంత్రం దానికి సరికొత్త నంబరు ఇచ్చి కూర్చోబెట్టింది. మీద గులాబీ తాడు, మూలనుంచి మూలకు, కింద నుంచి పైకి. ర్యాంపు మీద రెండో టెంపో ఎక్కుతున్న సమయానికి మా కాక బండి అవతలి చివర మూటలు దించుతోంది. టీమ్ లీడర్ ముక్కు మీద వేలేసుకుని, "ఇంత తేడా ఉందా!" అన్నాడు. ఉంది. ముందు చూడాల్సిన నేను చూడలేదు.

తప్పు తేలడం ఒక పని, పాసు రావడం ఇంకో పని. మా ఆఫీసు నుంచి మార్కెట్టుకు మెయిల్ వెళ్ళాలి, మార్కెట్టువాళ్ళు చూడాలి, చూసి సంతకం పెట్టాల్సినాయన పెళ్ళికి వెళ్ళాడు. రోజూ సాయంత్రం కాక వచ్చి మా గుమ్మంలోనే కూర్చునేవాడు. ఇంట్లో ఉంటే పిన్ని ముఖం చూడలేకపోతున్నానన్నాడు. మళ్ళీ మగ్గం పని అడుగుదామంటే చెవి ఒప్పుకోదు. సేఠ్ ఇంకో డ్రైవరును మాట్లాడుకున్నాడని ఎవరో చెప్పారు. కాక చేతులు ఊరుకోలేక మా ఇంట్లో ఉన్న పాత తాళ్ళన్నీ విప్పి మళ్ళీ పేనుతూ, మధ్యమధ్య ఆ కంప్యూటరు ముందు కూర్చున్నవాణ్ణి తిట్టేవాడు. వాడి కళ్ళు, వాడి చదువు, వాడి తల్లిదండ్రులు, ఏదీ వదల్లేదు. తల్లిదండ్రుల దాకా వచ్చినప్పుడు బాపు లేచి బయటికి వెళ్ళిపోయేవాడు.

మూడో రోజు ఇక ఓపలేకపోయాను.

"కాకా, వాడు గాదు. నేను."

ఆయనకు వినబడలేదు. మంచి చెవి వైపు వెళ్ళి కూర్చుని మళ్ళీ చెప్పాను. "ఆ మీట నొక్కింది నేనే. గులాబీ తాడు చూసి అదే బండి అన్న. నా తప్పని రాసిచ్చిన. పాసు వస్తది."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. చేతిలో తాడు పేనడం ఆపాడు.

"గా ర్యాంపు మీదిది వేరే బండి, సరే. మొదటి ఫోటువల ఉన్నది నా బండే గదా?"

"నీదే."

"నువ్వు సూసినవా దాన్ని?"

"చూసిన."

"ఎన్కతలుపుకు ఎడమ దిక్కు సొట్ట ఉంటది. నువ్వు ఆరో తరగతిల ఉన్నప్పుడు, నిన్ను బడి కాడ దించి రివర్స్ జేస్తుంటె గోడకు తాకింది. నువ్వే ఏడ్సినవు, కాకను సేఠ్ కొడతడని. ఆ బండి ఎక్కే నువ్వు పదో తరగతి దాంక పోయినవు. గుర్తువట్టలేదా బిడ్డా?"

నంబరు మసక చేస్తారు కాకా, ముఖాలు కనబడవు కాకా, పన్నెండు సెకన్లే చూపిస్తారు, అలాంటివి రోజుకు వందలు చూస్తాను. ఇవన్నీ నోటి దాకా వచ్చాయి. సొట్టకు మసక లేదు. అది ఆ ఫోటోలో ఉంది. కాగితంలో కూడా ఉంది. నేను చూడలేదు, అంతే. కాక తాడు కింద పెట్టి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

ఆ వారం చివర పాసు వచ్చింది. సేఠ్ కొత్త డ్రైవరు ఇంకా చేరలేదు గనక చాబీ కూడా వచ్చింది. కాక పనిలో పడ్డాడు. మా గుమ్మంలోకి మాత్రం రాలేదు. గల్లీలో ఎదురైతే "మంచిగున్నవా" అని, నేను జవాబిచ్చేలోపే దాటిపోయేవాడు. బాపును అడిగితే, "పోనీ తియ్యి, ఆనికి టైము వడతది" అన్నాడు.

బోర్డు మీద నా పేరు తీసేశారు. చెత్త క్లిప్పుల డబ్బాలో వేశారు. యంత్రం తనకు అనుమానం వచ్చిందంటూ పంపేవన్నీ ఈ డబ్బాలోకి వస్తాయి. గోడమీద పిల్లి, అద్దం మీద సాలెపురుగు, గాలికి ఎగిరిన అట్టపెట్టె. ఊగే చీరలైతే చెప్పక్కర్లేదు. ఒక్కొక్కదానికీ యంత్రం అన్నది నిజమో అబద్ధమో చెప్పాలి. ఆకుపచ్చ చీర మళ్ళీ కనిపించింది, ఈసారి యంత్రం దాన్ని బస్సు అంది. చదువుకున్నది ఇందుకా అని పక్కింటావిడ అన్న మాట రోజుకొకసారైనా గుర్తొచ్చేది. ఇప్పుడు మాత్రం ఆమె అన్నదాంట్లో తప్పు కనిపించలేదు.

రెండు వారాల తర్వాత, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఒక క్లిప్పు వచ్చింది. యంత్రం రాసిన మాట: "సరుకు బండిలోంచి బయటికి వేలాడుతోంది." గేటు కెమెరా. తెల్ల టెంపో నెమ్మదిగా లోపలికి వస్తోంది. పైన మూటలు, నీలం టార్పాలిను. అంచు పోగుల రంగు మారినట్టుంది, ఈసారి పసుపు తాడు. డ్రైవరు కిటికీలోంచి నిజంగానే ఏదో బయటికి వచ్చి ఉంది. ఆపి, దగ్గరగా చూశాను.

అది సరుకు కాదు, చెయ్యి. మోచేతి దాకా బయటికి చాపి, కెమెరా వైపు అటూ ఇటూ ఊపుతోంది. ముఖం మసకగా ఉంది. ప్లేటు మసకగా ఉంది. బండి ముందుకు కదిలి వెనక భాగం కనిపించింది. తాడు మూలనుంచి మూలకు, కింద నుంచి పైకి. తలుపుకు ఎడమ దిక్కున సొట్ట.

"చెయ్యి లోపట పెట్టుకో కాకా!" అని గట్టిగానే అన్నట్టున్నాను. గది మొత్తం తిరిగి చూసింది. టీమ్ లీడర్ లేచి నిలబడి, "ఏమైంది బెన్?" అన్నాడు.

కోపం ఆగలేదు. మళ్ళీ పాసు పోగొట్టుకుంటాడా ఏమిటి ఈ మనిషి? ఆ కెమెరా వెనక నేనే ఉంటానని ఎవరు చెప్పారు? రోజూ ఇలా ఊపుతూనే ఉన్నాడా, ఎన్ని రోజుల నుంచి? ఆ చెయ్యి ఇంకెంతమంది స్క్రీనుల మీదికి వెళ్ళి ఉంటుంది? కళ్ళు తుడుచుకోవడానికి చున్నీ దొరకలేదు, చేత్తోనే తుడుచుకున్నాను. క్లిప్పు మళ్ళీ మొదటికి తెచ్చి, ఆ పన్నెండు సెకన్లూ ఇంకోసారి చూశాను.

తర్వాత రెండేళ్ళుగా నేను ముట్టని ఆ మూడో మీట నొక్కాను. తెలిసిన బండి. ఎలా తెలుసు అని ఒక చిన్న పెట్టె తెరుచుకుంది. అందులోనూ యాభై అక్షరాలే పడతాయి. నాకు అన్ని అక్కర్లేదు.

"మా కాక" అని రాశాను.